రెండు టెలిస్కోపుల రంగులు కలపకండి

ఒకే రాత్రి ఒకే డాబా మీద నుంచి ఓరియన్ నెబ్యులాను రెండు టెలిస్కోపులతో తీస్తే ఒకదాంట్లో ముదురు గులాబీగా, ఇంకోదాంట్లో నీలి ఆకుపచ్చగా రావచ్చు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు మొదట కంగారుపడేది ఇక్కడే. అనుభవం ఉన్నవాళ్లు వెంటనే చెప్పే మందు కూడా ఒకటే: సాఫ్ట్‌వేర్‌లో వేసి రెండూ ఒకే రంగులోకి తెచ్చేయండి, గొడవ వదిలిపోతుంది. నా సలహా దానికి పూర్తిగా ఎదురు. తేవద్దు. కనీసం ఒక చలికాలం పాటు ఆ తేడాను ముట్టుకోవద్దు. మీ పరికరం గురించి, మీ ఊరి గాలి గురించి, నక్షత్రాల గురించి తెలుసుకోదగ్గది చాలావరకు ఆ తేడాలోనే ఉంది. ముందే చెరిపేస్తే తెలుసుకునే దారి పోతుంది.

ఇక్కడ రాసేవన్నీ ఇలాంటి తలకిందుల సలహాలే. గన్నవరంలో ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను. పడమర బెజవాడ వెలుగు, పక్కనే విమానాశ్రయం, హైవే మీద రాత్రంతా లారీలు, చుట్టూ తడి పొలాలు. లద్దాఖ్‌లోని హాన్లే వంటి నల్లటి ఆకాశం కోసం రాసిన సూత్రాలను ఇక్కడ అమలు చేయబోతే నిరాశే మిగులుతుంది. ఇక్కడి ఆకాశంతోనే చేయగలిగిన మంచి పని ఉంది, అది చేద్దాం.

మొదటిది. మంచి కెమెరాను మంచి టెలిస్కోపుకే అట్టిపెట్టకండి. ఉన్న ఒక్క కెమెరానే రెండింటికీ మార్చి మార్చి బిగించండి. రాత్రి మధ్యలో విప్పడం, మళ్లీ ఫోకస్ చేసుకోవడం విసుగు పుట్టించే పనే. అయినా చేయాలి. ఎందుకంటే మనం టెలిస్కోపు రంగు అనుకునేది చాలాసార్లు కెమెరా రంగు. మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో సెన్సర్ ముందు ఉండే ఫిల్టర్, హైడ్రోజన్ ఇచ్చే 656.3 నానోమీటర్ల ఎరుపును చాలావరకు ఆపేస్తుంది. నెబ్యులాల గులాబీకి మూలం ఆ ఎరుపే. ఖగోళ ఫొటోల కోసమే తయారుచేసిన కెమెరాలు దాన్ని దాదాపు పూర్తిగా లోపలికి రానిస్తాయి. ఒకరు డీఎస్ఎల్ఆర్‌ను ఎనిమిది అంగుళాల న్యూటోనియన్ అద్దం టెలిస్కోపుకు తగిలించి, ఇంకొకరు సీస్టార్ లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోపుతో తీసి, అద్దం గొప్పదా లెన్స్ గొప్పదా అని వాదించుకుంటే ఆ వాదనకు అంతు ఉండదు. సీస్టార్‌లో కెమెరా విడిగా రాదు కాబట్టి దాన్ని టెలిస్కోపు, కెమెరా కలిసిన ఒకే పరికరంగా లెక్కేసుకోండి.

కెమెరా ఒకటే అయ్యాక మిగిలే తేడా చాలామంది ఊహించేదానికంటే చిన్నది. అల్యూమినియం పూత వేసిన అద్దం కంటికి కనిపించే రంగులన్నిటినీ దాదాపు ఒకే మోతాదులో, నూటికి తొంభై దగ్గర, వెనక్కి పంపుతుంది. లెన్స్ గాజు ఊదా రంగులో కొంత మింగేస్తుంది. దానిమీద వేసిన పూతలు ఒక్కో తయారీలో ఒక్కో రంగుకు కొద్దిగా అనుకూలంగా ఉంటాయి. వీటన్నిటికంటే పెద్దది ఫోకస్ తేడా. రెండు గాజుల మామూలు ఆక్రోమాట్ 656.3 దగ్గరి ఎరుపునూ 486.1 దగ్గరి నీలాన్నీ ఒకచోటికి చేర్చి, ఊదాను బయట వదిలేస్తుంది. ప్రకాశవంతమైన నక్షత్రం చుట్టూ కనిపించే ఊదా వలయం అదే.

ఆ ఊదా వలయం మీద రెండో సలహా. ఆక్రోమాట్‌ను అమ్మేసి అప్పుచేసి ఊదాను కూడా ఒకచోటికి చేర్చే మూడు గాజుల అపోక్రోమాట్ కొనకండి. ముందు ఆ పాతదాన్ని ఓరియన్ వైపు తిప్పండి. రైజెల్ చుట్టూ ఊదా వలయం దట్టంగా వస్తుంది. అదే ఎక్స్‌పోజర్‌తో ఆర్ద్రను తీస్తే చాలా పలచగా వస్తుంది. రైజెల్ వేడి నక్షత్రం, దాని కాంతిలో ఊదా ఎక్కువ. ఆర్ద్ర చల్లారిన ఎర్ర మహానక్షత్రం, అందులో ఊదా తక్కువ. లోపమని తిట్టుకునే గాజు నక్షత్రాలను వేడిని బట్టి విడదీసి చూపిస్తోంది. ఖరీదైన మూడు గాజుల టెలిస్కోపు ఈ పని చేయదు. ఇంట్లో పిల్లలుంటే ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఏది వేడి నక్షత్రమో వాళ్లనే చెప్పమనండి.

ఇక అసలు విషయానికి వస్తాను. రంగులు కలపడం ఎందుకు కుదరదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం రాత్రుళ్లకు రాత్రుళ్లు దీనిమీదే పోగొట్టుకుంటున్నారు.

వైట్ బ్యాలెన్స్ అంటే గుణకారం. ఎరుపు విలువలన్నిటినీ ఒక అంకెతో, నీలం విలువలన్నిటినీ ఇంకో అంకెతో గుణిస్తాం. తెల్ల నక్షత్రం తెల్లగా కనిపించేదాకా ఆ అంకెల్ని మారుస్తాం. నక్షత్రాల విషయంలో ఇది బాగానే పనిచేస్తుంది. వాటి కాంతి ఊదా నుంచి ఎరుపు దాకా అన్ని తరంగదైర్ఘ్యాల్లోనూ పరుచుకుని ఉంటుంది. నెబ్యులా కాంతి అలా ఉండదు. అది కొన్ని సన్నటి గీతల్లోనే ఉంటుంది: హైడ్రోజన్‌వి 656.3, 486.1, ఆక్సిజన్‌ది 500.7. ఈ 500.7 సరిగ్గా సెన్సర్‌లోని ఆకుపచ్చ గడీ, నీలం గడీ రెండూ పంచుకునే చోట పడుతుంది. ఒక సెన్సర్‌లో నీలానికి కొంచెం ఎక్కువ వాటా, ఇంకోదాంట్లో ఆకుపచ్చకు ఎక్కువ వాటా. ఫిల్టర్ అంచు కొద్ది నానోమీటర్లు జరిగినా ఆ వాటాలు మారిపోతాయి. నక్షత్రాలు రెండు ఫొటోల్లోనూ ఒకేలా వచ్చేట్టు గుణకాలు సరిచేస్తే నెబ్యులా కలవదు. నెబ్యులాను బలవంతంగా కలిపితే నక్షత్రాలు చెడిపోతాయి. ఏ గుణకమూ రెండింటినీ ఒకేసారి కలపలేదు. ఇది మీ చేతకానితనం వల్ల వచ్చింది కాదు కాబట్టి దానికోసం తెల్లవారుజాము దాకా మేలుకోకండి.

కలపడానికి బదులు కొలవండి. నక్షత్రాల రంగును శాస్త్రవేత్తలు ఒక అంకెతో చెబుతారు. నీలం ఫిల్టర్‌లో కనిపించే ప్రకాశ తరగతిలోంచి పసుపు ఆకుపచ్చ ఫిల్టర్‌లో కనిపించే తరగతిని తీసేస్తే రంగు సూచిక వస్తుంది. సిరియస్‌కు అది 0.00. రైజెల్‌కు మైనస్ 0.03, చిత్తకు మైనస్ 0.23. సూర్యుడికి 0.65 దగ్గర. పునర్వసు జంటలో పసుపుది పోలక్స్, దానికి 1.00. స్వాతికి 1.23, రోహిణికి 1.54, జ్యేష్ఠకు 1.83, ఆర్ద్రకు 1.85. మన పంచాంగం పేర్లతోనే నీలం నుంచి ఎరుపు దాకా ఒక కొలబద్ద సిద్ధంగా ఉంది. వీటిలో నాలుగైదింటిని రెండు టెలిస్కోపులతోనూ తీయండి. ప్రతి నక్షత్రానికీ నీలం విలువను ఆకుపచ్చ విలువతో భాగించి రాసుకోండి. మొదటి టెలిస్కోపు జవాబును రెండోదాని జవాబుతో భాగించి, రంగు సూచిక పక్కన గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టండి. చుక్కలు అడ్డంగా సమతలంగా వస్తే రెండు టెలిస్కోపుల మధ్య ఉన్నది గుణకం తేడాయే, ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. వాలుగా వస్తే రెండూ వేర్వేరు రంగుల కిటికీల్లోంచి చూస్తున్నాయి. ఆ వాలే మీ పరికరాల అసలు జాతకం. ఒక్క బటన్ నొక్కి రంగులు కలిపేసినవాళ్లకు అది ఎప్పటికీ కనిపించదు.

నీలంలో ఒకలా, కంటికి ఒకలా కనిపించడమే నక్షత్రం రంగుకు కొలత అన్న ఆలోచన పాతది. పాత ఫొటో పలకలకు నీలం మీదే మక్కువ, కంటికి పసుపు ఆకుపచ్చ మీద. ఒకే నక్షత్రం పలక మీద ఒక తరగతిలో, కంటికి ఇంకో తరగతిలో కనిపించేది. ఆ తేడాను తప్పని కొట్టేసి ఉంటే రంగు సూచికే పుట్టేది కాదు. తేడాలను చెరపకుండా ఉంచినందుకు మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల, ప్రపంచ దేశాలు కలిసి చేపట్టిన ఆకాశ పటం పనిలో పాలుపంచుకుంది. ఆకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ దానికి వచ్చింది. ఎనిమిది అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజుపలకలు తీశారు. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఆ పనిని ఏళ్ల తరబడి నడిపించారు. ఒక్కో దేశంలో తీసిన పలకల ప్రకాశం లెక్కలు ఇంకో దేశంవాటితో సరిగ్గా పొసగలేదు. అయినా కొలతలు ఉన్నవి ఉన్నట్టే అచ్చయ్యాయి. ఎన్నో దశాబ్దాల తర్వాత, 2000లో వెలువడిన టైకో-2 నక్షత్ర పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కకట్టడానికి ఆ పాత కొలతలు ముఖ్య ఆధారమయ్యాయి. సరిచేయని ముడి ఫైళ్లు దాచమని నేను మొండిగా చెప్పేది ఇందుకే. జేపీజీ ఒక్కటే ఉంచుకుని మిగతావి చెరిపేసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ కావాలంటే కృష్ణ దాటి గుంటూరు వెళ్లాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ డెల్టా మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శినితో చూశాడు. అదే ఊళ్లో మేజర్ టెనెంట్ బృందం వెండి పూత అద్దం ఉన్న న్యూటోనియన్‌తో ఫొటోలు తీసింది. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు. పసుపు గీత అంటే అప్పటిదాకా సోడియమే, 589.0, 589.6. చూసినవాళ్లలో చాలామంది దాన్ని సోడియం ఖాతాలోనే రాశారు. గ్రహణం మర్నాడే, గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూడొచ్చని జాన్సెన్ గుంటూరులో చూపించాడు. అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్ కూడా గ్రహణం లేకుండానే చూశాడు. పసుపు గీత సోడియం చోట లేదని, కొద్దిగా పక్కకు ఉందని కొలతలు చెప్పాయి. 587.6. ఒకటిన్నర నానోమీటర్ల తేడా. అదే హీలియం. భూమ్మీద దాన్ని విలియం రామ్సే 1895లో గానీ పట్టుకోలేకపోయాడు. ఆ ఒకటిన్నరను పరికరం దోషమని సరిదిద్దుకుని ఊరుకుంటే ఏం పోయేదో ఆలోచించండి. మన డెల్టాలో నిలబడి చూసిన పసుపు గీతే అది.

దీన్ని మీ వంటింట్లో కొంతవరకు చూసుకోవచ్చు. గ్యాస్ మంట మీద చిటికెడు ఉప్పు చల్లి, పాత సీడీలో ఆ మంట ప్రతిబింబాన్ని ఏటవాలుగా చూడండి. పసుపు ఒక్కటే విడిగా వెలుగుతుంది. అది సోడియం. తర్వాత అదే సీడీని వీధిలోని తెల్ల ఎల్ఈడీ దీపం కిందకు తీసుకెళ్లండి. 450 నానోమీటర్ల దగ్గర నీలం ఉబ్బు, ఆ తర్వాత పరుచుకున్న పసుపు, ఆకుపచ్చ, ఎరుపు కనిపిస్తాయి. మనవైపు వీధుల్లో సోడియం దీపాలు పోయి ఎల్ఈడీలు వచ్చాయి. అందుకే మూడో సలహా: కాంతి కాలుష్యం ఫిల్టర్ తీసేయండి. అవి సోడియం, పాదరసం దీపాల గీతలను ఆపడానికి పుట్టాయి. అన్ని రంగుల్లోనూ పరుచుకున్న ఎల్ఈడీ కాంతిని ఆపలేవు సరికదా, నక్షత్రాల రంగులోంచి ఒక ముక్క కోసేస్తాయి. రెండు టెలిస్కోపులకు రెండు రకాల ఫిల్టర్లు తగిలించి రంగులు కలవడం లేదనేవాళ్లు ముందు వాటిని విప్పి చూడాలి. నెబ్యులాల కోసం హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతినే వదిలే రెండు గీతల ఫిల్టర్ వాడితే ఆ ఫొటోలోని నక్షత్రాల రంగును అసలు లెక్కలోకే తీసుకోవద్దు.

ఫోకస్ చెడగొట్టండి. ఇది వినగానే జనం నవ్వుతారు, కానీ రంగు కోసం ఇంతకంటే మంచి చిట్కా నాకు తెలియదు. పదునుగా ఫోకస్ చేసిన ప్రకాశవంతమైన నక్షత్రం సెన్సర్‌లో నాలుగైదు గడులను నింపేసి పొంగిపోతుంది. మూడు రంగులూ గరిష్ఠానికి చేరాక మిగిలేది తెలుపే. ఎనిమిది అంగుళాల అద్దంలో నక్షత్రాలన్నీ తెల్లగా, 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో రంగురంగులుగా వచ్చాయంటే చాలాసార్లు కారణం ఇదే. అద్దం ఎక్కువ కాంతి పోసి గడులను ముంచేసింది. ఫోకస్ కొద్దిగా జరిపితే కాంతి పెద్ద గుండ్రంలోకి పరుచుకుంటుంది, రంగు నిలబడుతుంది. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ ఎక్స్‌పోజర్ నడుస్తుండగా మెట్లుమెట్లుగా ఫోకస్ మారుస్తూ ఓరియన్ నక్షత్రాల గీతలను తీశాడు. ఒక్కో గీత సన్నటి తెల్లటి కొస నుంచి వెడల్పయ్యేకొద్దీ తన అసలు రంగు చూపిస్తుంది. మీరు ఫోకసర్‌ను ఐదుసార్లు కొద్దికొద్దిగా జరిపి ఐదు ఫొటోలు తీసినా చాలు. ఆక్రోమాట్‌లో మాత్రం లోపలికి జరిపితే ఒక రంగు అంచు, బయటికి జరిపితే ఇంకో రంగు అంచు వస్తుంది. రెండువైపులా తీసి పక్కపక్కన పెట్టుకోండి.

దిగువన ఉన్న నక్షత్రాన్ని వదిలేయమని పుస్తకాలన్నీ చెబుతాయి. మీరు వెతుక్కుంటూ వెళ్లండి. ఫిబ్రవరి రెండోవారంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో గన్నవరం నుంచి నేరుగా దక్షిణానికి, ఉయ్యూరు వైపు చూడండి. అగస్త్య నక్షత్రం దాదాపు 21 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇంకో ఇరవై నిమిషాలకు సిరియస్ అదే దక్షిణ రేఖ మీదకు వస్తుంది, 57 డిగ్రీల ఎత్తున. అగస్త్య రంగు సూచిక 0.15, సిరియస్‌ది 0.00. రెండూ తెల్లవే. ఫొటోలో అగస్త్య పసుపుగా వస్తుంది. దాని కాంతి నెత్తిమీది గాలికంటే 2.8 రెట్ల గాలిని దాటి వస్తోంది, సిరియస్ కాంతి 1.2 రెట్లే. శుభ్రమైన గాలి కూడా 450 దగ్గరి నీలాన్ని 650 దగ్గరి ఎరుపుకంటే నాలుగు రెట్లకు పైగా చెదరగొడుతుంది. దానికి తోడు సార్వా కోతలయ్యాక దుబ్బులు తగలబెట్టిన పొగ, పొలాల మీద పొగమంచు. ఇవన్నీ అగస్త్య రంగులో కనిపిస్తాయి. ఏ రాత్రి ఎంత పసుపు అయిందో రాసుకుంటే మీ ఊరి గాలి చిట్టా తయారవుతుంది. రెండు టెలిస్కోపులతో ఒకేసారి తీస్తే ఇంకో ప్రయోజనం: రెండింట్లోనూ సమానంగా పెరిగిన పసుపు గాలిది, ఒక్కదాంట్లోనే పెరిగింది పరికరానిది. సాయంత్రం ఒకటి, అర్ధరాత్రి ఒకటి వాడి పోల్చేవాళ్లకు ఈ రెండింటినీ విడదీసే దారి లేదు.

పున్నమి రాత్రి టెలిస్కోపు మూటగట్టకండి. నెబ్యులాలు తీయలేం, నిజమే. కానీ నెత్తిమీదికి వచ్చిన నిండు చంద్రుడు రెండు టెలిస్కోపులకూ ఒకే రాయి, ఒకే వెలుగు, కాబట్టి రెండింటినీ పోల్చుకోవడానికి వీలు. చంద్రుడిని తెలుపుగా మాత్రం పెట్టుకోవద్దు. దాని రంగు సూచిక 0.92 దగ్గర, అంటే సూర్యుడికంటే ఎర్రగా ఉంటుంది. చంద్రుడిని బూడిద తెలుపుకు సరిచేసి, అవే గుణకాలు నక్షత్రాలకు వాడితే అన్నీ నీలం వైపు జరుగుతాయి.

అద్దం మీద దుమ్ము చూసి కడగడానికి పరిగెత్తకండి. పలుచటి దుమ్ము రంగును పెద్దగా మార్చదు, రుద్దిన గీతలు మాత్రం పోవు. మనవైపు అసలు భయపడాల్సింది లెన్స్ మీద పుట్టే బూజుకు. డబ్బాలో సిలికా జెల్ పెట్టండి, తడిసిన టెలిస్కోపును మూత పెట్టకుండా ఆరనివ్వండి.

గన్నవరం వాళ్లకు ఒక మాట మాత్రం తలకిందులుగా కాదు, నేరుగానే చెబుతాను. నక్షత్రాలు చూపించడానికి ఆకుపచ్చ లేజర్ ఇక్కడ వాడొద్దు. దిగే విమానాల పైలట్ల కళ్లలో పడుతుంది, ప్రాణాలతో పని. కేసు కూడా అవుతుంది. రన్‌వే దీపాల రంగులు బాగున్నాయని కెమెరా అటు తిప్పొద్దు. పిల్లలకు చుక్కలు చూపించాలంటే చేత్తో చూపించండి, ఈ చెట్టు కొమ్మ పైన, ఆ ట్యాంకు పక్కన అని.

ఒక చలికాలం ఇలా గడిచాక, గ్రాఫ్ చేతిలో ఉన్నాక, రెండు టెలిస్కోపుల ఫొటోలు కలిపి ఒకటి చేయాలనిపిస్తే చేయండి. అప్పుడు కూడా రంగులను సగటు చేయొద్దు. పెద్ద అద్దం నుంచి సన్నటి వివరాలు తీసుకోండి, రంగు మాత్రం ఒక్క పరికరం నుంచే తీసుకోండి. ఆ పరికరానికి సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నక్షత్ర పట్టికతో పోల్చి రంగు సరిచేసే పద్ధతి వాడండి. అది అందం చూసి కాకుండా గాయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల ఆధారంగా గుణకాలు లెక్కకడుతుంది. నెబ్యులా ఆకుపచ్చ వైపు మొగ్గినా నీలం వైపు మొగ్గినా అలాగే ఉండనివ్వండి. ఫొటో కింద టెలిస్కోపు, కెమెరా, ఫిల్టర్, తేదీ, గంట, నక్షత్రం ఎత్తు రాయండి. ముడి ఫైళ్లు రెండు చోట్ల దాచండి, ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర.